ప్రార్థనలో పెట్టిన మాట

జోగన్నపేట,
11 జూన్ 2024

అత్తమ్మకు, మీ కోడలు జిప్పోరా వందనాలు.

మేము క్షేమంగా చేరాము. సామాను కూడా చేరింది. బీరువా తలుపు ఒక్కటి దారిలో సొట్టపోయింది. మీ అబ్బాయి దాన్ని లోపలినుంచి గుద్ది సరిచేయబోయారు. ఇప్పుడు సొట్ట బయటికి ఉంది.

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వకండి. మొన్న ఫోనులో మీ చెవికి వినపడాలని నేను "తిన్నం అత్తమ్మా, బెండకాయ, బెండకాయ" అని అరిచాను కదా. పెట్టేసి బయటికి వస్తే పక్క క్వార్టరులో ఉండే కిష్టవ్వ, "బెండకాయనా? మాకింత పెట్టకపోతివి" అంది. ఆమె దవాఖాన ఊడ్చే మనిషి. ఆమెకే కాదు, వరుసలో ఉన్న ఇళ్ళన్నిటికీ వినపడింది. బెండకాయ అయితే సరే, మిగతా మాటలు అలా అరవడం నావల్ల కాదు. ఎనిమిది దాకా చదివిన చదువు ఇందుకైనా పనికి రానీ అని కాగితం తీశాను.

అబిడ్స్ షాపులో చేసిన పనే ఇక్కడా ఆయనకు. మిషన్ కంటి దవాఖానలో కళ్ళద్దాలకు అద్దాలు అంచు రుద్ది ఫ్రేములో బిగించాలి. మూడు నెలలు పని చూసి, నచ్చితే పక్కా చేస్తామని పెద్ద డాక్టరమ్మ చెప్పింది. పక్కా అయితేనే ఈ క్వార్టరు మాది. కాంపౌండులో ఉండేవాళ్ళు తాగకూడదు, పొగ తాగకూడదు అని కూడా చెప్పింది. "ఆ రెండూ లేవు, నాకేం ఫికర్ లేదు" అన్నారు మీ అబ్బాయి.

ఇక్కడి వాళ్ళు మంచివాళ్ళే కానీ అన్నీ అడుగుతారు. నాంపల్లిలో మన గల్లీ చివర బండివాడికి నేను వేలు చూపిస్తే చాలు, తూచి ఇచ్చేవాడు. నా గొంతు ఎలా ఉంటుందో అతనికి తెలియదు. ఇక్కడ కూరగాయలమ్మే ముసలామె, "ఎవరి కోడలువు బిడ్డా? ఏడికెళ్ళి వచ్చిన్రు? వంకాయ ఏం జేస్తవ్, వేపుతవా, పులుసు వెడ్తవా?" అని అడుగుతుంది. చెప్పందే తక్కెడ ఎత్తదు. చెప్పలేక రెండు రోజులు పప్పే వండాను.

రాత్రి నిద్ర ఆలస్యంగా పడుతోంది. స్టేషన్లో ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పే ఆమె గొంతు వింటూ పడుకోవడం అలవాటు కదా. ఇక్కడ కప్పలు తప్ప ఎవరూ ఏమీ చెప్పరు.

ఇక్కడి మిషన్ గుడి పాస్టరు అయ్యగారి భార్య పేరు యూనీస్ అమ్మగారు. గురువారం స్త్రీల కూడికకు నన్ను తీసుకుపోయింది. ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థన చేయాలట. నా వంతు దగ్గరికి వచ్చింది. పక్కన ఏడుస్తున్న చంటిపిల్లను ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయాను. ఆ పిల్ల ఎవరిదో నాకు తెలియదు. వాళ్ళమ్మ ప్రార్థన మధ్యలో లేచి వెతుక్కుంటూ వచ్చింది.

మీరు మాత్ర మరిచిపోకుండా వేసుకోండి.

మీ
జిప్పోరా


నాంపల్లి,
20 జూన్ 2024

బిడ్డ జిప్పోరాకు అత్తమ్మ దీవెనలు.

బడి నుంచి వచ్చేసరికి నీ ఉత్తరం గడప మీద ఉంది. చెప్పులు విప్పకుండానే చదివాను. మళ్ళీ చదివాను.

నీకు నిద్ర లేదు. కూరగాయలు కొనుక్కోలేక పప్పు తింటున్నావు. మనుషులకు భయపడి ఎవరి పిల్లనో ఎత్తుకుపోయావు. నవ్వించేలా రాశావు కానీ నాకు నవ్వు రాలేదు. "పట్నంలో ఊపిరి ఆడుతలేదమ్మా, పోత" అని సుజిత్ పట్టుపట్టాడు. పోవడం నీకు ఇష్టమో కాదో వాడు అడగలేదు, నేనూ అడగలేదు. అడిగినా నువ్వు తలే ఊపేదానివి. ఆ ఊపుడు ఔనో కాదో తెలుసుకోవడానికి నాకే ఏడాది పట్టింది.

ఒక మాట చెప్తాను, మనసులో పెట్టుకో. మన పక్క గది వాళ్ళు ఖాళీ చేసిపోయారు. ఇంటాయన జనార్దన్ గారితో మాట్లాడాను. "కొత్తోళ్ళు ఎట్లుంటరో ఏమో జయమణమ్మా, మీ పిల్లలొస్తరంటే దసరా దాంక ఆపుత" అన్నాడు. సుజిత్‌కు ఇప్పుడే చెప్పకు. వాడికి పౌరుషం ఎక్కువ.

ఇక్కడ బడి తెరిచారు. గన్‌ఫౌండ్రీ నుంచి అబిడ్స్ దాకా అంతా ఆటోలూ, ఏడ్చే పిల్లలూ. ఎల్‌కేజీ గదిలో అందరూ ఒకేసారి ఏడుస్తారు. తోటి ఆయాలు చెవులు మూసుకుంటారు. నా చెవి చెడిపోవడం జూన్ నెలలో మాత్రం దేవుడు చేసిన మేలు.

ఉస్మాన్‌గంజ్ నుంచి కొత్త చింతపండు తెచ్చాను. పార్సిల్ చేసి అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో వేస్తాను. మన గల్లీ డబ్బాను ఎవరైనా తెరుస్తారో లేదో నాకు నమ్మకం లేదు.

కష్టం ఉంటే దాచకు.

అత్తమ్మ


జోగన్నపేట,
6 జూలై 2024

అత్తమ్మకు వందనాలు.

చింతపండు అందింది. కిష్టవ్వకు కొంత ఇచ్చాను. "పట్నం చింతపండు మన చెట్టు దానికన్న పులుపు తక్కువ" అని వంక పెట్టి, సాయంత్రం గిన్నె పట్టుకుని మళ్ళీ వచ్చింది.

గది సంగతి ఆయనకు చెప్పలేదు.

ఇక్కడ జరిగే ఒక వింత రాస్తాను. మా ఇంటి ముందు తీగ మీద బట్టలు ఆరేస్తాను. ఎదురుగా ఆయన పని గది కిటికీ. ముసలివాళ్ళకు అద్దాలు బిగించాక, ముక్కు మీద పెట్టి, బయటికి చూసి ఏం కనపడుతుందో చెప్పమంటారు. బయట ఉండేది నేనే. మొన్న రాజయ్య అనే తాతకు పెట్టి, "గా పిల్ల చీర మీద పూలా, సుక్కలా?" అని అడిగారు. తాత తల కిటికీలోంచి బయటికి పెట్టి, "పూలే సారు. నడుమ పసుపుంది. కొంగు జర చినిగింది గూడ" అన్నాడు. బకెట్టు అక్కడే వదిలి లోపలికి పరుగెత్తాను. చూసుకుంటే నిజంగానే చినిగింది.

మొదట్లో ఆ కిటికీ అంటే భయం వేసేది. ఇప్పుడు ముసలివాళ్ళు వచ్చే రోజున కాస్త మంచి చీర కట్టుకుంటున్నాను. వాళ్ళు అద్దాలు పారేసుకోకుండా మెడలో వేసుకోవడానికి నల్ల తాడు కట్టే పని డాక్టరమ్మ నాకు ఇచ్చింది. నోటితో పని లేదు, ముడి గట్టిగా ఉంటే చాలు. అలవాటవుతోంది అత్తమ్మా.

ఇంకో సంగతి ఉంది. రాయాలా వద్దా అని మూడు రోజులుగా కాగితం మడిచి పెడుతున్నాను. ఆయన గురించి. పని అయిపోయాక ఇంటికి రావడం లేదు. బస్టాండు వైపు పోయి కూర్చుంటున్నారు. చీకటి పడ్డాక వస్తారు. కళ్ళు ఎర్రగా ఉంటాయి. అన్నం సగం వదిలేస్తారు. ఏమైందంటే కోపం. ఒకరోజు కిష్టవ్వ చెప్తే నేను వెళ్ళి దూరం నుంచి చూశాను. చూసి, పలకరించకుండా వచ్చేశాను. ఏం చూశానో రాయడానికి నాకు చేయి రావడం లేదు. మీరు తల్లి. చదివితే ఊరుకోలేరు.

మీరు ప్రార్థన చేయండి. అంతకన్నా అడగను.

మీ
జిప్పోరా


నాంపల్లి,
15 జూలై 2024

జిప్పోరా బిడ్డా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు లేవలేదు. రాయాలా వద్దా అన్నప్పుడు నీళ్ళు పోసుకున్నావేమోనని ఒక్క నిమిషం ఆశపడ్డాను. ఆ తర్వాతి వాక్యాలు చదివాక ఆ ఆశ పోయింది.

నువ్వు రాయనక్కర లేదు. ఎర్ర కళ్ళు, సగం అన్నం, అడిగితే కోపం. మీ మామయ్యతో పన్నెండేళ్ళు చేసిన కాపురంలో నేను చూసింది అదే. తండ్రి పోయాక వాడు నా చేతిలో చేయి వేసి, ఆ సీసా ముట్టనని చెప్పాడు. ఆ మాటను నమ్మే ఇన్నేళ్ళు బతికాను. కొత్త ఊరు, తోచని సాయంత్రాలు. ఎవరిని అనాలి?

భయపడకు. బుధవారం మన గుడి స్త్రీల మైత్రిలో ప్రార్థన మనవిగా పెట్టాను. వాడి పేరు చెప్పలేదు. ఈమధ్యే ఊరు మారి దవాఖాన పనిలో చేరిన నా కొడుకు అని మాత్రమే అన్నాను. అందరూ ఎంతో ప్రేమగా విన్నారు. మన గుడి అమ్మగారు, "మీరు దిగులు పడకండి, అందరికీ పంపి ప్రార్థన చేయిస్తా" అంది. ఫోనులో వాళ్ళకేదో గుంపు ఉంది కదా.

గది సంగతి గుర్తు పెట్టుకో. వాణ్ణి తీసుకుని వచ్చేయ్. అబిడ్స్ షాపు సేటును కూడా కలిసి వచ్చాను. దసరాకు కౌంటరులో మనిషి కావాలన్నాడు.

నీ మీద చేయి చేసుకుంటున్నాడా? అది ఒక్కటి రాయి.

అత్తమ్మ


జోగన్నపేట,
27 జూలై 2024

అత్తమ్మకు,

మీ ఉత్తరం రావడానికి ముందురోజే ఇక్కడ జరగాల్సింది జరిగిపోయింది. వరుసగా రాస్తాను. కోపంగా ఉన్నట్టు అనిపిస్తే నా రాత అలా వచ్చిందనుకోండి.

మంగళవారం సాయంత్రం యూనీస్ అమ్మగారు, ఇంకో ఏడుగురు ఆడవాళ్ళు పాటల పుస్తకాలతో మా ఇంటికి వచ్చారు. ఆయన వానకు తడిసి అప్పుడే వచ్చి వెనక స్నానం చేస్తున్నారు. వాళ్ళు చాప వేసుకుని కూర్చుని ఒక పాట పాడి, మోకాళ్ళ మీదికి వంగి, "ఈ ఇంటాయనను సీసా బంధకం నుంచి విడిపించు ప్రభువా" అని ప్రార్థన మొదలుపెట్టారు. కిష్టవ్వ మన సంఘం మనిషి కాకపోయినా గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. ఆయన తువ్వాలుతో బయటికి వచ్చి, అంతమంది ఏడుస్తుంటే నేనే చచ్చిపోయాననుకున్నారట.

"ఏమైంది? ఎవరు తాగిన్రు?" అన్నారు.

ఒకామె తల ఎత్తకుండానే, "మొదట గిట్లనే అంటరు. ఒప్పుకోరు" అంది. అందరూ ఇంకొంచెం గట్టిగా ఏడ్చారు.

నేను ఏం చేశానో తెలుసా అత్తమ్మా? టీ పెట్టాను. అంతే చేశాను. నోరు తెరిచి ఒక్క మాట చెప్తే అయిపోయేది. చక్కెర డబ్బా కోసం వెతుకుతూ వంటింట్లోనే ఉండిపోయాను. పెళ్ళామే ఊరుకుందంటే నిజమే అనుకున్నారు. మీ మైత్రి గుంపులో మన అమ్మగారి మాట చదివిన ఒకామె, యూనీస్ అమ్మగారికి చెల్లెలట. ఈమధ్యే ఊరు మారి దవాఖానలో చేరినవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉంటారు?

మర్నాడు డాక్టరమ్మ ఆయనను పిలిచింది. "మీ పనిలో నాకు తప్పు దొరకలేదు. కానీ సాయంత్రాలు బస్టాండులో కనపడుతున్నారని నలుగురు చెప్పారు. దాని పక్కనే వైన్స్ ఉంది. ఆగస్టు ఆఖరుకు కమిటీ కూర్చుంటుంది. నేనేం చెప్పాలి వాళ్ళకు?" అన్నదట. ఆయన పని ఉందని వచ్చేశారట. అసలు సంగతి చెప్పడం ఆయనకు తాగుడు ఒప్పుకోవడం కన్నా కష్టం.

ఇంటికి వచ్చి, "మా అమ్మకు ఏం రాసినవ్?" అన్నారు. ఉన్నదే రాశానన్నాను. "ఉన్నదా?" అని, ఆ రోజు నుంచి నాతో మాట్లాడడం లేదు.

ఇప్పుడు పూర్తిగా రాస్తాను. సాయంత్రం హైదరాబాదు నుంచి బస్సు వస్తుంది. ఆయన బెంచీ మీద కూర్చుని దిగేవాళ్ళను చూస్తారు. కండక్టరును, "అఫ్జల్‌గంజ్ దిక్కు వానలు పడ్డయా? అబిడ్స్‌ల రోడ్డు తవ్వుతున్నరా ఇంకా?" అని అడుగుతారు. అది తిరిగి బయలుదేరి మలుపు తిరిగేదాకా చూసి, చేతిగుడ్డతో మొహం తుడుచుకుంటారు. నేను చూసింది అదే. ఆయన ఏనాడూ తాగలేదు. నా మీద చేయి ఎత్తలేదు. పట్నం మీద బెంగ. పోతానని పట్టుపట్టింది తనే కాబట్టి ఎవరికీ చెప్పుకోలేరు.

నేను ఎందుకు రాయలేదంటే, రాస్తే మీరు వెంటనే వచ్చేయమంటారు. ఆయన ఒక్క మాటకే బస్సెక్కేస్తారు. నాకు రావాలని లేదు. ఇక్కడ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఉన్నారు. మొన్న కూరగాయల ముసలామెకు వంకాయ పులుసు పెడతానని చెప్పాను.

ఎలాగైనా మీరే ఈ మాటను సరిచేయాలి.

జిప్పోరా


నాంపల్లి,
5 ఆగస్టు 2024

జిప్పోరా,

నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. నీ పాత ఉత్తరం తీసి చూశాను. అందులో తాగుడు అనే మాట ఎక్కడా లేదు. నేనే పెట్టుకున్నాను.

నిన్న ఆదివారం సరిచేసి వచ్చాను. ఆరాధనలో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను. "నా కొడుకు కోసం మీరందరూ ప్రార్థన చేశారు. ఇప్పుడు నాకు ఉత్తరం వచ్చింది. వాడు తాగడం లేదు. చుక్క ముట్టడు. దేవునికి స్తోత్రం" అన్నాను. ఇంకా చెప్పబోతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. మన అమ్మగారు వచ్చి నన్ను కౌగిలించుకుని ఏదో అంది. చప్పట్లలో నాకు సరిగా వినపడలేదు. సంతోషంగానే ఉంది కాబట్టి అందరికీ అర్థమైందనుకుంటున్నాను.

వాడికి బెంగ ఉంటే అక్కడ ఎందుకు బిడ్డా? రావాలని లేదని నువ్వు రాసింది మా మీద మొహమాటంతోనే అనుకుంటాను. జనార్దన్ గారు గదికి సున్నం కూడా వేయించాడు. కిటికీ తెరిస్తే స్టేషన్ గొంతు బాగా వినపడుతుంది. నీకు నిద్ర పడుతుంది.

వాడితో చెప్పు, అమ్మ తప్పు చేసిందని.

అత్తమ్మ


జోగన్నపేట,
26 ఆగస్టు 2024

అత్తమ్మకు,

ఈ ఉత్తరం తీరిగ్గా కూర్చుని చదవండి.

మీరు సరిచేసిన మాట ఇక్కడికి ఎలా వచ్చిందో తెలుసా? సుజిత్ తాగుడు మానేశాడని. ప్రార్థనకు జవాబు దొరికిందని. యూనీస్ అమ్మగారు స్వీట్లతో వచ్చింది. దారిలో కనపడినవాళ్ళంతా ఆయన చేయి పట్టుకుని అభినందించారు. రాజయ్య తాత అద్దాలు తీసి మళ్ళీ పెట్టుకుని, "మొఖంల కళ వచ్చింది సారు" అన్నాడు. అయ్యగారు, 25న ఆదివారం ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పమన్నారు. అది వింటే కమిటీ పెద్దలు సంతోషంగా పక్కా చేస్తారట.

ఆయన నాతో మాట్లాడడం మొదలుపెట్టింది ఆ సాక్ష్యం కోసమే. "రెండు ముక్కలు చెప్తే అయిపోతది. తాగనోడు తాగుడు మానిండంటే ఎవరికి నష్టం?" అన్నారు. నాకు అది నచ్చలేదు. అయినా ఆదివారానికి ఆయన చొక్కా ఇస్త్రీ చేసి పెట్టాను.

నిన్న గుడి నిండింది. ఆయన ముందుకు వెళ్ళి మైకు పట్టుకున్నారు. "నేను పట్నంలో ఉన్నప్పుడు తాగేటోణ్ణి" అని మొదలుపెట్టారు. "చీకటి పడ్డాక వచ్చేది. తలుపు తీసుడు ఆలస్యమైతే తన్నేది. అన్నం పెడితే పళ్ళెం గోడకేసి కొట్టేది. గోడ మీదికెళ్ళి పప్పు కారుతుంటే, ఆమె ఏం అనకుంట కొంగుతో తుడుస్తుండె" అన్నారు. అక్కడ మైకు దించేశారు. పళ్ళు కరిచి పట్టుకుని ఏడుస్తున్నారు. ఆడవాళ్ళ వైపు కూర్చున్న అందరూ తిరిగి నన్ను చూశారు. పాపం, ఈ పిల్ల తుడిచింది అన్నట్టు.

ఆ పళ్ళెం ఎవరిదో, ఆ కొంగు ఎవరిదో నాకు అర్థమైంది. తాగినవాళ్ళు ఏం చేస్తారో ఆయనకు తెలిసింది అది ఒక్కటే. ఆ బరువును తన పేరు మీద వేసుకుని ఊరి ముందు నిలబడ్డారు. నా ఇంటి కోసమే కదా.

నేను లేచాను. లేవాలని అనుకోలేదు. మైకు నా దగ్గర లేదు. నేను మాట్లాడింది నాకు గుర్తున్నట్టు రాస్తున్నాను.

"గట్ల అనకుండ్రి. ఆయన పళ్ళెం ఇసర్లే. ఏనాడు తాగలే. మేము పట్నం విడిచి వచ్చినం, ఆయనకు అమ్మ యాదికొస్తది, పట్నం యాదికొస్తది. బస్టాండ్ల కూసునేది పట్నం బస్సును చూసెతందుకు. గది చెప్పుకోను ఆయనకు సిగ్గు. నాకు అన్నిటికీ సిగ్గే. మీరు మా ఇంటికి వచ్చి ఏడిస్తే గూడ నేను చెప్పలే, ఛాయ్ పెట్టిన. తప్పు నాది."

మీ పేరు, మామయ్య పేరు నేను ఎత్తలేదు అత్తమ్మా.

 అయ్యగారు పుస్తకంలో పేజీలు తిప్పి తిప్పి చివరికి పాట నంబరు చెప్పారు. కొందరే పాడారు. నేను కూర్చున్నాను. వెనకనుంచి ఎవరో, "బస్సు కోసమా మనం గంతగనం ఏడ్చింది?" అన్నారు. ఇంకెవరో ముక్కుతో నవ్వారు.

బయట వరండాలో డాక్టరమ్మ మా ఇద్దరినీ ఆపింది. "తాగుడు మాన్పించడానికి మందులున్నాయి. ఊరి మీద బెంగకు నా దగ్గర మందు లేదు. సగం మనసుతో చేసే మనిషి నాకు అద్దాల దగ్గర వద్దు. ఉంటారా, పోతారా?" అని ఆయనను అడిగింది. ఆయన నేల చూశారు. తర్వాత నన్ను చూశారు.

"ఉంటం" అన్నాను.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "ఆయన్ను అడిగానమ్మా."

"ఆయన్ని అడిగితే బస్సెక్కుతరు" అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు. ఆమె నవ్వు ఆపుకుంది. మీ అబ్బాయి ఆపుకోలేదు. రెండు నెలల తర్వాత ఆయన నవ్వు విన్నాను.

సాయంత్రం కమిటీ కూర్చుంది. పక్కా చేయలేదు. సాక్ష్యంలో అబద్ధం చెప్పినవాణ్ణి ఎలా నమ్మాలని ఒక పెద్దాయన అడిగాడట. ఇంకో మూడు నెలలు చూస్తారు. అప్పటిదాకా క్వార్టరు ఉంది. ఇంటికి వచ్చాక ఆయన, "నెలకోసారన్న పట్నం పోయొద్దామా?" అన్నారు. సరేనన్నాను.

ఆయన మిమ్మల్ని ఏమీ అనలేదు. "మా అమ్మ గోడలు తుడిచి తుడిచి అలిసింది, ఆమెకు ఏం రాయకు" అన్నారు. అయినా రాస్తున్నాను. రాయకుండా వదిలేస్తే ఏమవుతుందో చూశాం కదా.

మీ
జిప్పోరా


నాంపల్లి,
3 సెప్టెంబరు 2024

బిడ్డ జిప్పోరాకు,

వాడు నిద్రపోయాడనుకునేదాన్ని. దుప్పటి తల మీదికి లాగి గోడ వైపు తిరిగి పడుకునేవాడు. గోడ తుడిచి వచ్చి వాడి దుప్పటి సర్దేదాన్ని. ఊపిరి మామూలుగానే ఉండేది. అంత చిన్న పిల్లవాడు ఊపిరిని కూడా అలా దాచగలడని నాకు తెలియదు. ఇంతకన్నా దాని గురించి రాయలేను. నువ్వు వాడి పక్కన లేచి నిలబడ్డావు. అది చాలు నాకు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. అలవాటవుతోందని నువ్వు రాస్తే పాపం ఓర్చుకుంటోంది అనుకున్నాను. రావాలని లేదంటే మొహమాటం అనుకున్నాను. నీ ఉత్తరాల్లో కష్టం ఎక్కడుందా అని వెతికి వెతికి చదివాను. నీకు అక్కడ బాగా లేదని కాదు బిడ్డా. నాకు ఇక్కడ బాగా లేదు. పొద్దున రెండు గ్లాసుల టీ ఎక్కువ పెట్టి, పారబోయలేక నేనే తాగుతున్నాను.

గది సంగతి ఏం చేయమంటావో నువ్వే చెప్పు. సేటు కూడా అడుగుతున్నాడు. మైత్రిలో మాత్రం ఇక మీ ఇద్దరి గురించి నోరు తెరవను. మొన్న అమ్మగారు, "కోడలు ఎట్లుంది?" అంటే, "ఉంది" అని వచ్చేశాను.

అత్తమ్మ


జోగన్నపేట,
11 సెప్టెంబరు 2024

అత్తమ్మకు వందనాలు.

మేము ఇక్కడే ఉంటాము. గది వేరేవాళ్ళకు ఇవ్వమని జనార్దన్ గారికి చెప్పండి. సేటుకు కూడా చెప్పండి. ఇది మీ అబ్బాయికి చదివి వినిపించాను. తల ఊపారు. ఆయన ఊపుడు నాకు తెలుసు, అది ఔననే.

ఆయన నిన్న కూడా బస్టాండుకు వెళ్ళారు. నేనూ వెళ్ళాను. బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం.

యూనీస్ అమ్మగారు వారం రోజులు మొహం తిప్పుకుంది. నిన్న వచ్చి, వచ్చే గురువారం కూడిక మా ఇంట్లో పెట్టుకోమంది. నన్ను ప్రార్థన చేయమంటే రెండు వాక్యాలే చేస్తానన్నాను. ఒప్పుకుంది.

దసరా సెలవులకు మీరు రండి. సెలవులు అయ్యాక పోతారా, ఉంటారా అన్నది మీ ఇష్టం. ఉంటే నాకు సంతోషం. పోతానంటే నాకు కష్టంగా ఉంటుంది, కానీ మిమ్మల్ని ఆపను. కిష్టవ్వ ఇప్పటి నుంచే మీ కోసం గొంతు పెంచి మాట్లాడడం నేర్చుకుంటోంది.

నా మనసులో ఉన్నదంతా ఇందులో రాశాను. ఇంకేమీ వెతకకండి.

మీ
జిప్పోరా